అటక మీది పసుపు డబ్బా

ఏడో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి చదువు నా తలకెక్కలేదు. నేను మాత్రం చాలా వాటి మీదికి ఎక్కాను. మా బూర్గంపాడులోనూ, గోదావరి దాటి భద్రాచలంలోనూ రంగులేసే పని మీద మూడంతస్తుల మేడలెక్కి, పైనే ఒక బీడీ కాల్చుకుని మరీ దిగాను. ఎక్కి దిగలేకపోయింది ఒక్కటే. అది మా ఇంటి అటక.

ఆ అటక నిండా మిగిలిన పెయింట్ డబ్బాలు. ఏ ఇంటికి రంగు వేసినా అడుగున కొంచెం మిగులుతుంది. "నాకేం జేసుకోను, నువ్వే పట్టుకపో" అంటారు ఇంటివాళ్ళు. పట్టుకొస్తాను. మూత కింద పాలిథిన్ ముక్క పరిచి, గట్టిగా బిగించి, డబ్బాను తలకిందులుగా పెడతాను. అలా పెడితే పెయింట్ మీద కట్టే మీగడ, డబ్బా తిప్పినప్పుడు అడుగుకు పోతుంది. మంచి రంగు పైన ఉంటుంది. మా వంటింట్లో ఒక గోడ డాక్టరు గారిది, ఇంకో గోడ కల్లు దుకాణానిది. చుట్టాలొస్తే ఎవరు ఏ గోడకు ఆనుకుని కూర్చోవాలో నేనే చెప్తాను.

ఒకప్పుడు ఈ డబ్బాలు మంచం కింద ఉండేవి. ఒక వానాకాలం గోదావరి ఇంట్లోకి వచ్చి, వాటిని వరసగా వీధిలోకి తీసుకుపోయింది. అప్పటి నుంచి ముందు గదిలోని అటక మీదే. ఆ నీళ్ళకే మా చెక్క గడప కూడా పాడైంది. దాన్ని పీకేసి సిమెంటుతో కట్టించాను. తప్పంతా అక్కడే వచ్చింది. గచ్చుదీ గడపదీ ఒకే బూడిద రంగు.

మా అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒక పొద్దున గడప కంటికి ఆనక, కాలు తట్టుకుని బోర్లా పడింది. ఎముకలకేమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి ముందు గదిలో మంచం దిగడం మానేసింది. నేనూ "నువ్వు లేవకే అమ్మా, ఏం గావాల్నో చెప్పు, నేను తెస్త" అనేవాణ్ణి. దవాఖానాలో చూస్తే షుగర్ దిగితేనే కళ్ళకు ఆపరేషన్ అన్నారు. నడిస్తేనే షుగర్ దిగుతుందన్నారు. కళ్ళుంటేనే గదా ఆమె నడిచేది! ఎటు తిరిగినా మళ్ళీ ఆ మంచం దగ్గరికే వచ్చేవాళ్ళం.

గడపకు పసుపు రంగు కొడితే ఆమెకు ఆనుతుందని తట్టింది. ఈ రోజుల్లో చాలామంది గడపలకు పసుపు రాసే బదులు పసుపు పెయింటే వేయిస్తున్నారు. గడపకు ఎంత పడుతుంది? డబ్బా దాదాపు అట్లాగే మిగులుతుంది. మళ్ళీ గడపలకు తప్ప ఇంకెక్కడా పనికిరాదు కాబట్టి అటకలో అది గోడ వైపు చిట్టచివరికి పోయింది.

మా ఆవిడ సంతకు పోయినప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కాను. అటక ఎత్తు తక్కువ, నేను వెడల్పు ఎక్కువ. డబ్బాల మధ్య పొట్ట మీద పాక్కుంటూ లోపలికి పోయాను. అప్పుడే పక్కింటి భాయ్ వచ్చాడు. ఆయనది వెల్డింగ్ షాపు. ఊరందరికీ నిచ్చెనలు చేసి అమ్ముతాడు గానీ తనకొకటి ఉంచుకోడు.

"అన్నా, నిచ్చెన తీస్కపోనా? రేకు మీద పనుంది."

నోరు ఊరుకుంటే కదా! "తీస్కపో భాయ్, నేను ఈడనే కాపురం పెట్టిన, ఇగ దిగను" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా. నిచ్చెన భుజాన వేసుకుని పోయాడు.

వెనక్కి పాక్కుంటూ అంచుకు వచ్చి చూస్తే కింద గచ్చు తప్ప ఏమీ లేదు. దూకుదామంటే, పోయినేడు జారిపడి వాచిన మోకాలు గుర్తొచ్చింది. అరిచాను. అవతల భాయ్ షాపులో ఇనుము కోసే గ్రైండర్ అంతకంటే గట్టిగా అరుస్తోంది. ఫోను వంటింట్లో చార్జింగులో ఉంది. పైన రేకుల వేడికి డబ్బాల వాసన తలకెక్కుతోంది. లేద్దామంటే నెత్తికి తగులుతుంది, పక్కకు తిరుగుదామంటే డాక్టరు గారి ఇంటి డబ్బాలు అడ్డం.

"ఏందిరా, ఏమైంది?" అంది అమ్మ మంచం మీంచి.

"నిచ్చెన పోయిందే. నేను పైన్నే ఉన్న."

అమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "నేను పోయి భాయ్‌ని పిలుచుకరానా?"

"వద్దే! గడప ఉంది, పడతవ్. ఆమె వచ్చేదాంక ఉంటగానీ."

"సంతకు పోయినామె జల్దీ వస్తదా? గా వేడికి ఏమన్నైతెనో?" అని తలుపు వైపు తిరిగి, మళ్ళీ అట్లాగే కూర్చుంది. పైన నేను, కింద ఆమె. ఇద్దరిలో ఒక్కరం కూడా ఆ గది దాటలేం.

నా చేతిలో పసుపు డబ్బా ఉంది. అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. స్క్రూడ్రైవర్‌తో మూత లేపాను. మీగడ అడుగునే ఉంది, పైన రంగు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. మూత తిరిగి పెట్టి, డబ్బాను తువ్వాల్లో మూటగట్టి, అక్కడే పడున్న తాడుతో మెల్లగా మంచం మీదికి దించాను. "పసుపు రంగే అమ్మా, గడపకు పూస్తే నీకు ఆనుతది" అన్నాను.

"బ్రష్ ఏదిరా?"

"బ్రష్ బయట సంచిల ఉంది."

"గట్లనా" అని మంచం దిగి, గచ్చు మీద కూర్చుని, డబ్బా తోసుకుంటూ జరిగింది. చేత్తో తడిమి గడప పట్టుకుంది. అరచేయి పెయింట్‌లో ముంచి రాయడం మొదలుపెట్టింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం పసుపు రాసిన చేయి అది. ఈ చివర నుంచి ఆ చివరకు, ఎక్కడా సందు లేకుండా రాసింది. తలుపు రెక్క పట్టుకుని లేచి నిలబడి, కిందికి చూసింది.

"ఆనుతుందా అమ్మా?"

"అవ్" అంది. "పచ్చగ ఉంది."

"తడి ఉంది, తొక్కకు. పోకు, పడతవ్..."

ఆమె చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కాలు ఎత్తి గడప దాటింది. ఇక నాకు కనపడలేదు. చెప్పుల్లేని పాదాల చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత అదీ లేదు. ఒళ్ళంతా చెమటతో గ్రైండర్ మోత వింటూ పడుకున్నాను. అంతలో ఆ మోత ఆగిపోయింది. "అరె, అమ్మా! నువ్వెట్ల వచ్చినవ్?" అని భాయ్ కేక వినిపించింది.

నిచ్చెన తిరిగొచ్చింది. దిగుతుంటే చూశాను, దాని నిలువు కమ్మీకి పసుపు రంగు అయిదు వేళ్ళు అంటి ఉన్నాయి. అమ్మ కూడా ఒక చేయి వేసి మోసుకొచ్చిందట.

ఇప్పుడు రోజూ రెండు పూటలా గడప దాటి వీధి చివరి వరకు పోయి వస్తోంది. గోళ్ళల్లో ఆ రంగు ఇంకా పోనే లేదు. మొన్న ఊరుకోలేక కదిలించాను. "అమ్మా, పని మంచిగ చేసినవ్. రేపట్నుంచి నా ఎంబడి రంగులెయ్య వస్తవా?"

"నేనెందుకురా? నువ్వే నెలకొక్కసారి అటకెక్కు, భాయ్‌కి చెప్పి నిచ్చెన నేనే తీయిస్త. కిందుంటే నన్ను మంచం దిగనిస్తివా నువ్వు?" అంది.