రెండు బర్రెల మధ్య డ్యాన్సు

ఇప్పుడంటే ఏ పాట కావాలన్నా ఫోన్లో చటుక్కున దొరుకుతుంది గానీ, మేము బడికెళ్లే రోజుల్లో డ్యాన్సు పాటలంటే పెద్ద తతంగమే. నచ్చినవన్నీ కాగితం మీద రాసి సంతోష్‌నగర్‌లో రికార్డింగు షాపు భాయ్‌కి ఇస్తే, వారం తిప్పించుకుని ఒక క్యాసెట్ చేతిలో పెట్టేవాడు. (అందులో సగమే మేము రాసినవి, మిగతా సగం ఆయనకు నచ్చినవి.) తొమ్మిదో తరగతిలో స్కూల్‌డే డ్యాన్సుకు నన్ను ముందు వరుసలో నిలబెట్టారు. నా ఆనందం చెప్పతరం కాదు. అయితే మాదన్నపేటలో మాది పాల వ్యాపారం, ఇంట్లో ఎగిరే జాగా లేదు. కొట్టంలో మా లచ్చిమికీ దాని పక్క బర్రెకూ మధ్య రెండడుగులు ఖాళీ ఉండేది. పొద్దున్నే బాపు గడ్డి కోసం వెళ్లగానే నేను టేప్‌రికార్డర్ పెట్టి అక్కడ తీన్మార్ వేసేదాన్ని. చిన్నాయన నవ్వుకుంటూ లచ్చిమి పాలు పితికేవాడు. నెల రోజులు ఇలాగే సాగింది.

ఒకరోజు బాపు తొందరగా వచ్చేశాడు. "సదువుకొమ్మని పంపిస్తే గీ ఎగురుడేంది? డ్యాన్సు లేదు, గీన్సు లేదు!" అని క్యాసెట్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు. స్కూల్‌డే ఇంకా ఎనిమిది రోజులే. ఆ రాత్రి అన్నం ముట్టకుండా ఏడ్చాను.

తెల్లారింది. లచ్చిమి పాలు చేపలేదు. దుడ్డెను విడిచారు, దాణా పెట్టారు, బతిమాలారు. చుక్క పాలు దించితే ఒట్టు! బయట గిన్నెలు పట్టుకున్న వాళ్ల లొల్లి మొదలైంది.

"అన్నా, దానికి పాట అలవాటయింది," అన్నాడు చిన్నాయన.

"తమాషా చేస్తున్నవా రా?" అంటూనే బాపు బీరువా తెరిచి, క్యాసెట్ తీసి టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. లచ్చిమి చెవులాడించింది. అంతే.

"పాట ఒక్కటే సాలదు. పిల్ల గూడ ఎగరాలె," అన్నాడు చిన్నాయన.

బాపు గిన్నెల వరుస వైపు చూశాడు, నా వైపు చూశాడు. పళ్లు కొరుకుతూ, "ఎగురు," అన్నాడు.

ఎగిరాను! వాడకట్టంతా చూస్తుండగా, మా బాపు ఎదురుగానే. బకెట్లో పాలు జుయ్యిమని పడ్డాయి. (చిన్నాయన అప్పుడు నాకు కన్ను కొట్టాడు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు.)

స్కూల్‌డే నాడు స్టేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు దుమికిన పిల్లల మధ్య నేనొక్కదాన్నే రెండడుగుల్లో నిలబడి, ఎవరి తోకా తొక్కకుండా డ్యాన్సు చేసి వచ్చాను. అందరూ పడీపడీ నవ్వారు. చప్పట్లు కొట్టింది బాపు ఒక్కడే.

మొన్న మా అన్న కొడుకు పెళ్లి బరాత్‌లో తీన్మార్ మొదలవగానే కాళ్లు ఆగలేదు. నా బిడ్డ చెవి దగ్గరికి వచ్చి, "మమ్మీ, రోడ్డంత ఖాళీగుంటే గక్కడనే ఎగురుతవేంది?" అంది.

"పక్కన బర్రెలుంటయి బిడ్డా," అన్నాను.

అది పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. కొట్టం ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు. లచ్చిమి పోయి ఎన్నేళ్లయిందో! నా కాళ్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.