నాలుగింటికి నిండే గడి

ఎవరికీ చెప్పని మాటతోనే మొదలుపెడతాను. రెండో వేవ్ రోజుల్లో నేను మూడు వారాల పాటు ఒక మనిషి గురించి అబద్ధం రాశాను. రోజూ అదే అబద్ధం. అమ్మకి చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా ఆ సంగతి రాసుకోలేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యాల కథలు చాలా చదివాను కానీ, భయపడేటప్పుడు కూడా వాక్యం ఎలా రాశారా అని చూసుకునే రకాన్ని. ఇప్పటికీ నమ్మకం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. మాది తెనాలి. చందానగర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద, పెంట్‌హౌస్ అని గొప్పగా పిలిచే ఒంటిగదిలో అద్దెకుంటున్నాను. కింద ఓనరు సరోజిని ఆంటీ ఒక్కరే ఉంటారు. లాక్‌డౌన్‌లో అందరూ ఊళ్లకి వెళ్లిపోయారు. నాన్నకి షుగరు. నేను వెళ్లి అంటిస్తానేమోనని వెళ్లలేదు.

ఆ ఏప్రిల్‌లో మా బాబాయి పోయారు. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో నెట్ ఆగిపోయి, తెర మీద ఒక తెల్లటి మూట అలాగే నిలిచిపోయింది. కొంతసేపు చూసి నేనే కట్ చేశాను.

ఆ తర్వాత ఫోన్ మోగితే ఎత్తలేకపోయేదాన్ని. మోగడం ఆగేదాకా దానివైపే చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటికి మాత్రం పని ఎక్కువగా ఉందని మెసేజ్ పెట్టేదాన్ని.

అప్పుడే మా ఆఫీసు వాళ్లు ఒక పద్ధతి పెట్టారు. టీమ్‌లో ఇద్దరిద్దర్ని జంటలు చేశారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఒకరికొకరు ఫోన్ చేసుకుని మూడు ప్రశ్నలు అడగాలి: నిద్రపోయావా, తిన్నావా, ఎవరితోనైనా మాట్లాడావా. అవతలి మనిషి చెప్పింది షీట్‌లో ఆ మనిషి పేరుకెదురుగా ఉన్న గడిలో నింపాలి. లీవ్‌లో ఉన్నా మానకూడదు. ఆ షీట్‌లో గడులు నిండాయో లేదో మా లీడ్ రాఘవగారు రోజూ చూసేవారు.

నా జంట సునీతక్క. నాకంటే పదేళ్లు పెద్దది. బోరబండలో ఉండేది. ఆఫీసు తెరిచి ఉన్న రోజుల్లో ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర తినేవాళ్లం. మాట్లాడేది అంతా ఆమే. నేను తలూపుతుంటే, "ఏందే చెల్లె, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతయా?" అని అందరి ముందూ ఏడిపించేది. నాకు కోపం వచ్చేది కాదు. ఈ ఊళ్లో నన్ను పట్టించుకుని ఏడిపించేది ఆమె ఒక్కతే.

మొదటి రెండు రోజులు అక్క నాలుగింటికి ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. మూడో రోజు మెసేజ్ పెట్టాను: నేను బాగానే ఉన్నాను అక్కా, ఫోన్ ఎందుకు, ఇద్దరం బాగున్నామనే రాసేసుకుందాం అని. జవాబు వచ్చింది. "సరే తియ్. నువ్వు నాది రాయి, నేను నీది రాస్త. మంచిగుండు."

అలా మొదలైంది. నిద్ర బాగుంది, భోజనం బాగుంది, మనిషి బాగుంది అని ఇంగ్లిష్‌లో ఒక్కసారి రాసి, ఆ తర్వాత రోజూ పై గడిలోది కాపీ చేసి కింద పెట్టేదాన్ని. అక్క కూడా నా గురించి అలాంటిదే ఏదో రాసేది.

పదిరోజుల తర్వాత అక్క జ్వరమని రెండు వారాలు లీవ్ పెట్టింది. గ్రూప్‌లో చూశాను. ఫోన్ చేయాలనుకున్నాను. చేయలేదు. ఆ రోజు కూడా మనిషి బాగుంది అనే రాశాను.

మర్నాడు షీట్ తెరిస్తే నా పేరుకెదురుగా ఉన్న గడిలో తెలుగు కనిపించింది.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలే. బిస్కెట్లే తిన్నది."

అది నిజం. ముందురోజు నుంచి నేను అన్నం వండుకోలేదు. ఊహించి రాసి ఉంటుంది అనుకున్నాను. ఒంటరిగా ఉండే పిల్ల ఏం తింటుంది, బిస్కెట్లే కదా.

తర్వాతి రోజు: "కిటికీకి నల్ల చున్నీ కట్టింది. ఎండను లోపలికి రానిస్తలేదు."

చున్నీ కట్టింది ఆ రోజు పొద్దున్నే. నల్లదే. లేచి కిటికీ తీసి చూశాను. ఎదురుగా మా నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. లాప్‌టాప్ కెమెరా మీద నేను ఎప్పటినుంచో ఒక స్టిక్కర్ బొట్టు అతికించి ఉంచుతాను. అది అలాగే ఉంది.

మూడో రోజు: "బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చింది. సప్పుడు కిందికి పోవద్దని."

ఇవన్నీ నీకెలా తెలుసు అక్కా అని మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కే పడింది. రెండోది పడలేదు. మర్నాడూ పడలేదు.

భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే, భయంతోపాటు నాలుగు ఎప్పుడవుతుందా అని ఎదురుచూడడం కూడా మొదలైంది. ఆ రోజుల్లో నాకు వారం, తేదీ తెలిసేవి కావు. ముంబయి హైవే మీద అంబులెన్సుల మోతే తెలిసేది. నాలుగు మాత్రం తెలిసేది. నాలుగు దాటి రెండు నిమిషాలకి గడి నిండేది. నా సంగతి ఎవరో ఒకరికి తెలుసు. నేనేమో ఆమె గడిలో పైది కిందికి కాపీ చేసి, షీట్ మూసేసేదాన్ని.

అలా ఎనిమిది రోజులు. ఆ వాక్యాలన్నీ డైరీలో ఎక్కించుకున్నాను, కాబట్టి ఇవి జ్ఞాపకం మీద రాస్తున్నవి కావు.

తొమ్మిదో రోజు మంగళవారం. మధ్యాహ్నం దాటాక ఫోన్, లాప్‌టాప్ గదిలో వదిలేసి డాబా మీదికి వెళ్లాను. కాళ్లకి చెప్పులు లేవు, నేల కాలుతోంది, అది కూడా ఎవరి కాళ్లకో కాలుతున్నట్టుంది. పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. దూరంగా ఖాళీ ఆఫీసుల అద్దాలు ఎండకి మెరుస్తున్నాయి. ఎందుకు వెళ్లానో ఇక్కడ వివరంగా రాయను. ఊరికే గాలికి మాత్రం కాదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సరోజిని ఆంటీ. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ పైకి ఎక్కని మనిషి. మాస్కు మెడ కిందికి జారిపోయింది. రొప్పుతోంది. నా మోచెయ్యి పట్టుకుంది. దూరం పాటించాలన్న సంగతే మరిచిపోయింది.

"పప్పుచారు పెట్టానమ్మా. ఒక్కదాన్నే తినలేక చస్తున్నాను. రా, నాలుగు ముద్దలు తిందువుగాని."

ఇంకేమీ అడగలేదు. చెయ్యి వదల్లేదు. కిందికి తీసుకెళ్లి, కంచంలో పెట్టి, నేను తిన్నంతసేపూ వాళ్ల ఊరి చింతపండు గురించి చెప్పింది. రాత్రికి కూడా అక్కడే పడుకోమంది. పడుకున్నాను. చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

రాఘవగారు ఫోన్ చేశారని ఆంటీ మర్నాడు చెప్పింది. మీ డాబా మీద అమ్మాయి ఉంది, వెంటనే వెళ్లండి, ఏమీ అడగకండి అన్నారట.

నేను వెళ్లి షీట్ తెరిచాను. మంగళవారం, నాలుగు గంటల రెండు నిమిషాలు.

"పిట్టగోడ కాడ నిలబడ్డది. జల్ది ఎవరన్న పోవాలె."

దాని పక్కనే ఒక ఫోన్ నంబరు. ఆంటీది.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. ఈ వాక్యాలన్నీ నేనే రాసి మరిచిపోయానేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజుల్లో నా స్థితి అలాంటిది. నన్ను చూసిన డాక్టరమ్మ కూడా అలా జరగొచ్చు అంది. అక్క యాస నాకు బాగా తెలుసు. ఆమె పాస్‌వర్డ్ తెలియదు, అయినా సరే అనుకుందాం. కానీ నా ఫోన్‌లో ఉన్నది ఆంటీ పాత నంబరు. ఆ ఫోన్ పాడై, ఆంటీ కొత్త నంబరు తీసుకుని వారమే అయింది. కూతురికి, పాలవాడికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. షీట్‌లో ఉన్నది ఆ కొత్త నంబరు.

ఆ బుధవారం నేను మొట్టమొదటిసారి సునీతక్కకి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. రాఘవగారిని అడిగి వాళ్లాయన నంబరు తీసుకున్నాను. ఆయన్ని అన్న అంటాను, క్యాబ్ డ్రైవరు. ఆయనే ఎత్తి చెప్పాడు. అక్క దవాఖానలో చేరి పదిరోజులు. ఆక్సిజన్ మీద ఉంది. ఫోన్, ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు. చార్జింగ్ అయిపోయి ఉంటుంది, తీసి చూడలేదమ్మా అన్నాడు.

అన్న చెప్పింది రాఘవగారికి చెప్పాను. ఆయన మెల్లగా అన్నారు, "బాగుందనే రాశావు కదమ్మా రోజూ. లీవ్‌లో ఉండి కూడా నీది నింపుతోంది కదా, బాగానే ఉందనుకున్నాను." కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

కంపెనీ వాళ్లు చూశారు. ఆ గడులన్నీ సునీత పేరు మీదే నిండాయి. ఎవరో ఆమె పేరుతో లాగిన్ అయ్యి ఉంటారు అన్నారు. ఎవరు, ఎక్కడినుంచి, ఎందుకు అన్నది తేల్చలేదు. కొన్నాళ్లకి షీట్ తీసేశారు. నా దగ్గర మిగిలింది డైరీలోని తొమ్మిది రోజుల వాక్యాలు.

నేను ఇప్పుడు ఫోన్ ఎత్తుతాను. మందులు కొంతకాలం వాడాను. ఆంటీ దగ్గర ఆదివారాలు తింటాను. ఈ మొత్తం ఎలా జరిగిందో మాత్రం నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. నేను అక్కతో ఫోన్‌లో మాట్లాడింది ఒక్కసారే. ఆ గురువారం. ఆదివారం తెల్లవారుజామున ఆమె పోయింది.

గురువారం అన్న బతిమాలితే వార్డులోని ఒక ఆయమ్మ తన ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. గోడ గడియారం చూశాను. నాలుగు. ముందు ఊపిరి వినిపించింది. పేరు చెప్పాను. షీట్ నువ్వే నింపావా అక్కా అని అడిగాను. వినిపించిందో లేదో, దానికి జవాబు చెప్పలేదు.

"పండుకున్నవా?" అంది.

పడుకున్నాను అన్నాను.

"తిన్నవా?"

తిన్నాను, పప్పుచారు అన్నాను.

"ఎవరితోనన్న మాట్లాడినవా?"

నీతో మాట్లాడుతున్నా కదా అక్కా అన్నాను. అప్పటికి నేను ఏడుస్తున్నాను. నేను అడగాల్సిన మూడు ప్రశ్నలు నా నోట్లోంచి రాలేదు. ఆయమ్మ ఇక చాలమ్మా అంటోంది. అప్పుడు అక్క, ఒక్కో మాటా కూడబలుక్కుని అంది.

"సరే చెల్లె. ఇగ నాది రాయి. ఉన్నదున్నట్టు రాయి."