తోడికోడళ్ళు వేరయ్యారు

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో మా అయిదారుగురిని ఏళ్ళ తరబడి ఏడిపించినవి రెండు లోహాలు. ఒకటి జిర్కోనియం, రెండోది హాఫ్నియం. ఎక్కడ దొరికినా కలిసే దొరుకుతాయి. ఏ ఆమ్లంలో వేసినా రెండూ ఒకేలా నడుచుకుంటాయి. అణు రియాక్టరు గొట్టాలకు మొదటిది కావాలి; రెండోది అందులో పిసరంత మిగిలినా పనికిరాదు. డెబ్బైలలో వాటిని విడదీసే పని మాకు అప్పగించారు. అక్కడున్న తెలుగువాళ్ళం వాటిని తోడికోడళ్ళు అనేవాళ్ళం.

ఖనిజాన్ని క్లోరైడుగా మార్చి, ఆవిరి చేసి, కరిగిన ఉప్పు పారే పొడవాటి స్తంభంలోకి పంపేవాళ్ళం. వేడి మూడొందల యాభై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే, హాఫ్నియం ఆవిరి కాస్త తేలిగ్గా పైకి పోతుంది, జిర్కోనియం ఉప్పుతోపాటు కిందికి దిగుతుంది. అదీ ఒక్కసారిగా కాదు, ఒక్కో అంతస్తులో కొంచెం కొంచెంగా. మధ్యలో కరెంటు పోయిందా, ఉప్పంతా ముదురుపాకంలా బిగుసుకుపోయేది. మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం.

అది తేలేదాకా సెలవు లేదన్నారు. క్వార్టర్సూ ఇవ్వలేదు. కొత్తగా పెళ్ళయిన నా భార్య రేపల్లెలో అన్నయ్య, వదినల దగ్గరే ఉండేది. అన్నయ్యకు స్టేషను దగ్గర సైకిలు షాపు. అమ్మానాన్నా పోయాక నన్ను బాపట్లలో చదివించింది ఆ షాపే. చదువుకునే రోజుల్లో అన్నయ్య ఇచ్చిన సైకిలు మీద సూర్యలంక సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, ఇసుకలో నల్లచారల మీద నడిచేవాణ్ణి. ఈ లోహాల ఖనిజం అలాంటి చారల్లోనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

నా భార్య ఉత్తరాల్లో నా మీద బెంగ రెండు వాక్యాలుంటే, వదిన నూరిన గోంగూర పచ్చడి గురించి రెండు పేజీలుండేవి. నాకు ఒళ్ళు మండేది. నిజానికి ఆ వంటింటి మీద నాకే ఎక్కువ బెంగ. నా పెళ్ళి సెలవులో వాళ్ళిద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చుని నవ్వుకుంటుంటే, నాకూ అన్నయ్యకూ కంచాలు పెట్టే సంగతే మరిచిపోయేవారు.

ఒకరోజు పొద్దున్న ల్యాబు నుంచి కాగితం వచ్చింది. జిర్కోనియం శుద్ధంగా ఉంది. సంతోషం పట్టలేక నా భార్య పేరున టెలిగ్రాం కొట్టాను: "తోడికోడళ్ళు వేరయ్యారు. వస్తున్నాను." లోహాలకు మేం పెట్టిన పేరు ఇంట్లో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ వారం ఆవిడ తెనాలిలో పుట్టింట్లో ఉందన్న సంగతి మాత్రం నాకు తెలియదు.

మూడోరోజున రేపల్లెలో బండి దిగాను. షాపు మూసి ఉంది. ఇంటికి వెళ్తే, పెరటి వసారాలో కొత్త పొయ్యి, అలికి ముగ్గు పెట్టి ఉంది. పక్కన గిన్నెలు రెండు వాటాలుగా సర్ది ఉన్నాయి.

"కూర్చోరా," అన్నాడు అన్నయ్య. "తూర్పు గది మీకు. గిన్నెలు మీ వదిన పంచింది. చాలకపోతే చెప్పు."

"ఏంటన్నయ్యా ఇదంతా?"

ఆయన చొక్కా జేబులోంచి టెలిగ్రాం తీసి ఇచ్చాడు. పోస్టుమాన్ చదివి చెప్పాడట. ఉప్పు, ఆవిరి, స్తంభం అంటూ తడబడుతూ అంతా చెప్పాను. అన్నయ్య చివరిదాకా విన్నాడు.

"అంటే వీళ్ళిద్దరి మధ్యా గొడవేం లేదా?"

"ఏం లేదన్నయ్యా."

నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"టెలిగ్రాం వచ్చిన కాణ్ణుంచీ షాపు తీయలేదు నాయనా," అంది వదిన.

"నన్నో మాట అడగకుండా పొయ్యి ఎలా వేశావు వదినా?"

"అడిగేదేముంది? నువ్వు కావాలన్నావనుకున్నాం. నువ్వు కావాలంటే మీ అన్నయ్య ఎప్పుడైనా కాదన్నారా?"



కొన్నాళ్ళకు నాకు క్వార్టర్సు ఇచ్చారు. టెలిగ్రాంలో రాసిందే జరిగింది. రేపల్లె స్టేషన్లో బండి కదులుతున్నా, కిటికీ ఊచల మధ్య నుంచి నా భార్యా, వదినా పట్టుకున్న చేతులు వదల్లేదు. అన్నయ్య నా కిటికీ పక్కన నాలుగడుగులు నడిచాడు.

"ఏరా, కలిపే పని కూడా మీ ఫ్యాక్టరీలో ఉందా?"

ఉందని అబద్ధమైనా చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను.