ఏ నీళ్లో చెప్పే రాజమ్మత్త

రైలు కృష్ణ వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. అది వింటే నాకు ఇప్పటికీ రాజమ్మత్త గుర్తుకొస్తుంది. గద్వాలలో మా పక్కింట్లో ఉండి జాతకాలు చూసేది. ఆమె కళ్లద్దాల్లోంచి పట్టపగలే శనిగ్రహం కనిపించేదనీ, గ్రహణాలు ఆమెను అడిగే పట్టేవనీ నేను హాస్టల్లో కోతలు కోసేదాన్ని. అసలు ఆ హాస్టల్‌కు చేరడమే ఆమె పుణ్యం.

ఎనభైల చివర్లో నాకు వనపర్తి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. నాన్న ససేమిరా అన్నాడు. చీర ఒంటికి అంచు కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. ఆ రెండో మనిషిని నేనే. పైగా నాకు విదేశయోగం ఉందనీ, వెళ్తే తిరిగి రాననీ ఎవరో ఆయన చెవిన వేశారు. చివరికి జాతకం పట్టుకుని ఇద్దరం అత్త దగ్గరికి వెళ్లాం.

“సముద్రం దాటి పోతదంటక్కా. గందుకే ఊరు దాటనిస్తలేను,” అన్నాడు నాన్న.

అత్త చాలాసేపు చూసింది. “నిజమే తమ్మీ. పుట్టిన లగ్నానికి అధిపతి కుజుడు. పోయి పోయి దూరదేశం చెప్పే పన్నెండో ఇంట్ల, నీళ్ల రాశిల, రాహువు పక్కన కూసుండు. నీళ్లు దాటుడు ఖాయం.”

నా పని అయిపోయిందనుకున్నాను.

“గని గవి సముద్రం నీళ్లే అని యాడున్నది? మనది నడిగడ్డ. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర. కృష్ణ దాటితె మనకు విదేశమే. వనపర్తికి తోలు, యోగం గాడనే ఖర్చయితది. తోలకుంటె అట్లనే మిగిలుంటది. రేపు దుబాయే పోతదో, ఏం పోతదో!”

నాన్న తల గోక్కున్నాడు. “మరి మగ్గం?”

“నేను కూసుంట.”

“నీకు నేసుడొస్తదా?”

“గ్రహాలనే తిప్పుతున్న, గీ దారపు నాడె తిప్పలేనా? నేర్పియ్యి.”

గుమ్మం దగ్గర గుసగుసగా అడిగాను: “అత్తా, నిజంగ గట్లనే ఉన్నదా?”

“నీళ్లని ఉన్నది బిడ్డా. ఏ నీళ్లో చెప్పుడు నా పని.”

ఆమె నేసిన మొదటి అంచు తుంగభద్ర కన్నా ఎక్కువ వంకర్లు పోయింది. నాన్న విప్పించాడు, తిట్టాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా చూసేదాన్ని: ఒక చేయి నడుం మీద, ఒక చేయి నాడె మీద. నా చదువు అయ్యేదాకా ఆ చోటు వదల్లేదు.

జాతకానికి అర్థం చెప్పేవాళ్లను చాలామందినే చూశాను. చెప్పిన అర్థం నిజం కావడానికి తానే ఒళ్లు వంచిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే. అందుకే ఎవరికైనా “వెళ్లు” అని చెప్పేముందు, వాళ్లు ఖాళీ చేసే చోట నేను కూర్చోగలనా అని చూసుకుంటాను. కూర్చోలేనంటే నోరు మూసుకుంటాను. అది నాకెంత కష్టమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.