వాడు బయటికొచ్చాడని చెప్పిన మనిషి

మా నర్సులందరిలోకీ సీనియర్, మా పెద్ద సిస్టర్ పోయారని శుక్రవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో కంపెనీ ఆఫీసే పెట్టింది. గులాబీ బొమ్మ, దాని కింద ‘మా కుటుంబ సభ్యురాలు’ అన్న మాట. పాలకొల్లు దగ్గర, వాళ్లన్నయ్య ఇంట్లో, గుండె ఆగి పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆమె ఊపిరి ఆగిన కాసేపటికే లోకానికంతా కబురు పెట్టగలిగిన ఆఫీసు, నా చెయ్యి విరగ్గొట్టినవాడు జైలు నుంచి వచ్చినప్పుడు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పింది పెద్ద సిస్టర్. చెప్పినందుకే ఆమెను ఇంటికి పంపించిందీ ఈ ఆఫీసే.

గ్రూపులో అందరూ ఆమెను దేవత అంటున్నారు. దయచేసి నమ్మకండి. నోటి దురుసు మనిషి. గోళ్లు పెంచితే వార్డులో అందరి ముందూ తిట్టేది. హాస్టల్లో ఎవరి గదిలోకైనా తలుపు తట్టకుండా వచ్చేసి, పొయ్యి మీద కూర మూత తీసి, ‘ఉప్పెక్కువేశావ్’ అని వెళ్లిపోయేది. ఆదివారాలు డ్యూటీ పడితే పక్కబట్టలు మారుస్తూ పాటలు పాడేది, శ్రుతి ఉండేది కాదు. ఆ దురుసుతనం లేకపోతే నేనీ రోజు ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు.

సౌదీలో, అల్ అజీజియాలో మా హాస్టల్, ఖోబర్‌లో ఆసుపత్రి. మధ్యలో కంపెనీ బస్సు. ఒక సాయంత్రం మిగతావాళ్లు మార్కెట్ దగ్గర దిగిపోయాక నేనొక్కదాన్నే మిగిలాను. డ్రైవరు బస్సును గోడౌన్ల వెనక్కి తిప్పి ఆపాడు. నేను పెనుగులాడాను. వాడు నా చెయ్యి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఎలాగో తలుపు తోసుకుని దూకి, రోడ్డెక్కి అరిచాను.

‘రాజీ పడమ్మా, నీ పేరే పాడవుతుంది’ అంది ఆఫీసు. పెద్ద సిస్టర్ నా కట్టు చేతిని తన చేత్తో మోస్తూ పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్లింది. వార్డుల్లో నేర్చుకున్న అరబీలో జరిగిందంతా ఆమే చెప్పింది. వాడికి శిక్ష పడింది. ఆ రోజు అందరం ఊపిరి పీల్చుకుంటుంటే ఆమె మాత్రం పోలీసు ఆఫీసరును ఇంకో ప్రశ్న అడిగింది. వీడు బయటికొచ్చేటప్పుడు మాకెవరు చెబుతారు?

‘మీ కఫీల్‌కి చెబుతాం’ అన్నాడాయన.

కఫీల్ అంటే మమ్మల్ని ఈ దేశానికి రప్పించినవాడు, మా కంపెనీ యజమాని. నన్ను రప్పించిందీ, వాణ్ని రప్పించిందీ ఆయనే.

అప్పట్నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఆమె స్టేషన్‌కి వెళ్లి అడిగేది. విసుక్కునేవాళ్లు. మళ్లీ వెళ్లేది. ‘ఎందుకక్కా, వదిలెయ్’ అన్నానొకసారి. ‘చెప్పకుండా ఉంటం కూడా కొట్టటమేనే పిల్లా. ఒక దెబ్బ తిన్నావు, చాలు’ అంది.

రంజాన్ నెలలో ఖైదీలకిచ్చే మాఫీలో వాడు ముందే విడుదలయ్యాడు. ఓ మధ్యాహ్నం ఆమె స్టేషన్ నుంచి నేరుగా నా గదికొచ్చింది. పైన వేసుకున్న నల్ల అబాయా కూడా విప్పలేదు.

‘వాడు బయటికొచ్చాడు. వారం దాటిందంట. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారంట. రేపట్నుంచి మళ్లీ మన బస్సెక్కుతున్నాడు.’

నేను మంచం అంచున కూర్చోబోయాను. ఆమె కూర్చోనివ్వలేదు. ‘కూలబడతానికి తర్వాత టైముంది. పద.’

ఆఫీసులో మేనేజరు హైదరాబాద్ ఆయన, మర్యాదస్తుడు. ‘సిస్టర్, అర్థం చేసుకోండి. సౌదీవాళ్లకు ఇన్ని కొలువులియ్యాలనే నితాకాత్ లెక్కల మనం రెడ్‌లో ఉన్నాం. సౌదీవాళ్లు తక్కువున్నారని కొత్త వీసాలు ఆపేసిన్రు. ఉన్న బయటి దేశపోళ్ల మీద తలకింత లెవీ, సర్కారుకి కట్టాలె. ఉన్న డ్రైవర్ని పంపిస్తే బస్సెవరు నడుపుతరు? శిక్ష అయిపోయింది గదా.’

‘వాడి శిక్ష సంగతి నేనడగలేదండి. ఫోనొచ్చిన రోజునే ఈ పిల్లకి ఎందుకు చెప్పలేదు?’

‘పానిక్ అయితదని...’

‘భయపడాలో వద్దో ఆ పిల్ల చూసుకుంటది. దాచే హక్కు మీకెవరిచ్చారు?’

ఆమె హాస్టల్‌కొచ్చి ప్రతి గది తలుపూ తీసుకుని వెళ్లి, వాడి పేరూ, వాడు చేసిందీ, రేపు బస్సు నడిపేది వాడేనన్న సంగతీ చెప్పింది. మలయాళీలకు హిందీలో, ఫిలిప్పీన్ అమ్మాయిలకు ఇంగ్లీషులో.

మర్నాడు పొద్దున ఒక్కరూ బస్సెక్కలేదు. యూనిఫారాల్లో గేటు లోపల నిలబడ్డాం. వాడు హారన్ కొట్టి కొట్టి ఊరుకున్నాడు. వార్డుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎండ ముదరకముందే ఆఫీసు వాణ్ని దింపేసి, ఇంకో బస్సు పంపింది. కొన్నాళ్లకు వాడి పాస్‌పోర్టు మీద దేశం విడిచి పొమ్మనే ఎగ్జిట్ ముద్ర కొట్టించారు. ఆ మాట చెప్పడానికి మేనేజరు హాస్టల్ గేటు దాకా వచ్చాడు. నాతో నేరుగా చెప్పేదాకా పెద్ద సిస్టర్ ఆయన్ని కదలనివ్వలేదు.

‘పోయిండమ్మా. పొద్దుగాల ఫ్లైట్‌కి ఎక్కించినం’ అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆ రాత్రి నేను నిద్రపోయాను.

ఏడాది తిరక్కుండానే ఆమె కాంట్రాక్టు గడువు ముగిసింది, ఆఫీసు పొడిగించలేదు. కారణం లెవీ అన్నారు. ఆపాటికి మళ్లీ వీసాలు దొరుకుతున్నాయి; ఆమె జీతంలో సగానికి పనిచేసే ఇద్దరు పరాయి దేశపు నర్సుల్ని అదే నెలలో తీసుకున్నారు, వాళ్లకు లెవీ అడ్డం రాలేదు. ఆమె పెట్టె సర్దుకుంది. మేమే అరిచాం, మాకెవరూ జవాబివ్వలేదు. ఆ జవాబు కోసం నేనిప్పటికీ ఎదురు చూస్తున్నాను. గులాబీ బొమ్మ పెట్టినవాళ్లు వినాలనే ఇది రాస్తున్నాను.

ఆమెను దింపడానికి దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు డ్యూటీ దిగినవాళ్లందరం బస్సులోనే వెళ్లాం. మమ్మల్ని తిరిగి ఎక్కమని గదిమి, తను ట్రాలీతో గాజు తలుపు దగ్గరే నిలబడింది. కాపలా కుర్రాడు ‘యల్లా, యల్లా’ అంటూ లోపలికి తొందరపెడుతున్నాడు. ఆమె వాడి వైపు తిరగనైనా తిరగలేదు, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. మాలో ఆఖరమ్మాయి ఎక్కి, తలుపు మూసుకుని, బస్సు మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె చెయ్యి దించలేదు.