బెంజీన్ పాఠంలో ఊదు పొగ

మా కాలేజీ గోడ పక్కన కిరాణా కొట్టు ఉంది. పొద్దున్నే గల్లా దగ్గర సాంబ్రాణి వేస్తారు. మా వైపు దాన్ని ఊదు అంటాం. ఆ పొగ కిటికీలోంచి వచ్చిందంటే చాలు, మహబూబాబాద్‌లో పాఠం చెబుతున్న నేను జనగామకు వెళ్ళిపోతాను. కళ్ళు తుడుచుకుంటాను. పిల్లలేమో పొగ పడలేదనుకుంటారు.

జనగామలో ఇంటర్ చదివేటప్పుడు మాకు కెమిస్ట్రీ చెప్పింది రాజలింగం సార్. బెంజీన్ పాఠం రోజు ఆయన ఇంటి నుంచి నిప్పుల పాత్ర తెచ్చి, చిటికెడు ఊదు వేసి, "ముందుగాల వాసన చూడుండ్రి" అన్నారు. "అరబ్బు బేరగాండ్లు దీన్ని లుబాన్ జావీ అన్నరు, అంటే జావా సాంబ్రాణి. ఓడలెక్కి ఐరోపాకు పోయేసరికి బెంజోయిన్ అయింది. దాంట్ల నుంచి తీసింది బెంజోయిక్ ఆమ్లం. గా ఆమ్లాన్ని సున్నంతోటి కాగబెడితే వచ్చిన ద్రవమే బెంజీన్. మీ ఇంట్ల పొగకు చుట్టమే, భయపడకుండ్రి!" ఆ రోజుతో కెమిస్ట్రీ అంటే నాకు భయం పోయింది.

ఆ ఏడాదే తెలంగాణ కోసం సమ్మె. కాలేజీ మూతపడింది, బస్సులు నిలిచిపోయాయి. సార్ రోజూ శిబిరంలో కూర్చునేవారు. ఒకనాడు రాలేదు. ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి ఊదు వాసన వచ్చింది, గుమ్మంలో బోలెడు చెప్పులు కనిపించాయి. ఇంకేముంది, దొంగచాటుగా ట్యూషన్ పెట్టి బెంజీన్ పాఠం చెబుతున్నాడనుకున్నాను. శిబిరానికి ఉరికి పదిమందిని వెంటేసుకొచ్చి, "సమ్మె ద్రోహి, బయటికి రా!" అని గొంతు చించుకున్నాను. పదిహేడేళ్ళ పొగరు!

సార్ బయటికొచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జర మెల్లగ, బిడ్డా. మా అవ్వ పోయింది."

లోపల వాళ్ళమ్మ తల దగ్గర ఊదు కాలుతోంది. నేను అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది. సార్ నా దగ్గరికి వచ్చి, "బస్సులు లేవు. కొడకండ్ల నుంచి మా తమ్ముడు అందేటట్టు లేడు. ఒక భుజం తక్కువైంది. మోస్తవా?" అన్నారు.

మోశాను. శ్మశానం దాకా ఏడుస్తూనే నడిచాను.

కాలేజీ తెరిచాక క్షమాపణ అడగాలని నిలబడ్డాను. "బోర్డు దిక్కు చూడు" అన్నారంతే. మళ్ళీ అడిగే ధైర్యం రాలేదు. రాష్ట్రం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది. రేపు పోదాం, మాపు పోదాం అనుకుంటుండగానే సార్ పోయారన్న కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి దహనం కూడా అయిపోయింది. ఆయన్ను మోసే భాగ్యం నాకు దక్కలేదు.

ఏటా బెంజీన్ పాఠం రోజు నేనూ ఊదు వేస్తాను, పేరు కథ చెబుతాను. గొంతు చించుకున్న సంగతి మాత్రం దాచేవాణ్ణి. ఈ ఏడాది, గార్ల ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, గీ వాసనకు మా బాపు పోయిన దినం యాదికొస్తది. మీకెవరు యాదికొస్తరు?" అంది.

సుద్దముక్క కింద పెట్టాను. "మా సార్ వాళ్ళమ్మ" అన్నాను. "బతికుండగా ఆమెను నేను ఒక్కసారీ చూడలేదు."

తర్వాత, మొదటిసారిగా, మిగతాదంతా వాళ్ళకు చెప్పాను.