తెరవని తొమ్మిది పెట్టెలు

నేను సిద్దిపేటలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో కూర్చుంటాను. అంతకు ముందు పదిహేడేళ్లు ఫౌజులో చేశాను. అక్కడ తుపాకీ పట్టుకున్న రోజులు తక్కువ. నా పని స్టోర్. బూట్లు, కంబళ్లు, గ్లౌజులు, టెంట్లు, తాళ్లు. ఎవరికి ఏది కావాలన్నా నా కిటికీ దగ్గరికి వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. యుద్ధం గురించి చెప్పమని అడిగేవాళ్లకు నేను కంబళ్ల గురించి చెప్తాను. కాసేపు విని వెళ్లిపోతారు.

పోయినేడు వానాకాలంలో ఒక ఆదివారం మా మాజీ సైనికుల సంఘం మీటింగు పెట్టింది. సంఘానికి పెద్ద ఒక రిటైర్డ్ సుబేదార్. ఆయన్ని అందరం సాబ్ అంటాం. ఆయన భార్య కూడా అట్లాగే పిలుస్తుంది. ఆ రోజు సాబ్ చేతిలో నాలుగు కాగితాలున్నాయి. సైన్యం సన్నద్ధతను మెరుగుపరచడానికి ఢిల్లీలో ఒక బిల్లు ప్రతిపాదించారట. దాన్ని పరిశీలిస్తున్న కమిటీ జనం అభిప్రాయాలు అడుగుతోందట. ఎవరైనా రాసి పంపొచ్చట.

"సన్నద్ధత అంటే ఏంది సాబ్?" అని వెనక వరుసలోంచి ఒకాయన అడిగాడు.

"లడాయి రేపు వస్తదంటె ఇయ్యాల్నే తయారుగ ఉండుడు," అన్నారు సాబ్.

చర్చ గంట నడిచింది. సగంసేపు మిలిటరీ క్యాంటీన్‌లో సబ్బులు దొరకడం లేదన్న దాని మీదే సాగింది. తర్వాత దవాఖాన కార్డుల సంగతి వచ్చింది. ఒకాయన లేచి, తన పొలానికి పోయే దారిని పక్కవాడు దున్నుకున్నాడని చెప్పాడు. సాబ్ అదీ రాసుకున్నారు. చివరికి బిల్లులోని మూడో అంశం చదివి వినిపించారు. ప్రతి యూనిట్‌లో ఉన్న సామాను పనికొస్తుందో లేదో ఏటా బయటివాళ్లు వచ్చి చూడాలి, ఆ రిపోర్టు పార్లమెంటు ముందు పెట్టాలి. అదీ దాని సారం.

సాబ్ కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు. "స్టోర్ పని నీకే ఎరుక. గీ మూడోది నువ్వు రాయి. ఒక పేజీ చాలు. ఇంగ్లీషుల ఉండాలె."

సరేనన్నాను. నడుచుకుంటూ ఇంటికొచ్చాను. కంచంలో అన్నం సగం వదిలేశాను. కూర బాగాలేదా అని నా భార్య అడిగింది. బాగుందన్నాను.

నేను కొత్తగా నాయక్ అయిన రోజుల్లో మా యూనిట్ మంచుకొండల మీద ఉండేది. ఏటా ఒక తనిఖీ జరుగుతుంది. దానికి ముందు స్టోర్‌కీపర్ సామానంతా చూసి, పనికొస్తుందని సంతకం పెట్టాలి. ఆ ఏడు చలి గ్లౌజులు పది చెక్కపెట్టెల్లో ఉన్నాయి. మూతలకు మేకులు కొట్టి ఉన్నాయి. నాకు రెండు రోజుల్లో సెలవు. మొదటి పెట్టె తెరిచాను. మంచిగా ఉన్నాయి. మిగిలిన తొమ్మిది పెట్టెలు తెరవకుండానే పదింటికీ సంతకం పెట్టి ఇంటికి బయలుదేరాను.

నేను ఇంటి దగ్గరున్నప్పుడు ఒక సిపాయి కుడిచేతి వేళ్లు మంచుకు చచ్చుబడ్డాయి. రెండు వేళ్లు సగానికి కోసేశారు. అతనిది ధూళిమిట్ట. ఒకే తట్టు వాళ్లమని అందరికన్నా నాతోనే ఎక్కువ మాట్లాడేవాడు. నేను తిరిగి వెళ్లాక విచారణ పెట్టారు. గ్లౌజులు మంచివేనా అని నన్నడిగారు. నేను రిజిస్టరు చూపించాను. రిజిస్టరులో ఏ తప్పూ లేదు. అతను గ్లౌజులు సరిగ్గా వాడలేదని, అజాగ్రత్తే కారణమని రాశారు. అతనికి రావాల్సిన స్ట్రైప్, అంటే ప్రమోషన్, ఆగిపోయింది.

వారం తర్వాత నేను ఒక్కణ్నే స్టోర్లోకి వెళ్లి మిగతా పెట్టెల మూతలు పీకాను. నాలుగు పెట్టెల్లో గ్లౌజులు పైకి కొత్తవే. వేలు పెట్టి చూస్తే లోపలి ఉన్ని చెమ్మకు చివికి పొడిపొడిగా చేతికొచ్చింది. వాటిని ఎలుకలు కొట్టాయని రాసి, పక్కన పెట్టించాను. ఎలుకలు ఏమీ చెయ్యలేదు. ఆ ఏడాది నేను అబద్ధం రాసింది ఆ ఒక్క చోటే కాదు.

ఇది జరిగి ఇరవై ఆరేళ్లు. అతను నాకన్నా ముందే పింఛను మీద ఇంటికొచ్చేశాడు. సిద్దిపేట నుంచి ధూళిమిట్ట పెద్ద దూరమేమీ కాదు. నేను ఒక్కసారీ వెళ్లలేదు. అటు పెళ్లిళ్లకు పిలుపులొస్తే నా భార్యను పంపేవాణ్ని.

మా బిడ్డ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తుంది. సోమవారం సాయంత్రం నేను తెలుగులో చెప్తుంటే తను ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషులో కొట్టింది. మొదటి నాలుగు వాక్యాలు సజావుగా నడిచాయి. పెట్టెలు తెరిచి చూడాలి, ఒకటి చూసి పది అనుకోకూడదు. ఎందుకు అని తను అడిగింది. ఉదాహరణ ఉంటే మంచిది కదా అంది. నేను ఉదాహరణ చెప్పాను. తన వేళ్లు ఆగాయి.

"ఎందుకు తెరువలే బాపు?"

"సెలవు ఉండె."

"ఎందుకు సెలవు?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. తను లెక్క కట్టుకుంది.

"గా నెలల పుట్టింది నేనే గదా."

"అవును."

"అది గూడ రాయాల్నా?"

"సొంత పని మీద అని రాయి."

రాసింది. కాసేపటికి ల్యాప్‌టాప్ మూసి, "ఆయన ఇప్పుడు ఏడుంటుండు?" అని అడిగింది. చెప్పాను. "పార్లమెంటుకు చెప్పుడుకంటె ముందు ఆయనకు చెప్పాలె గదా బాపు," అంది. ఆ మాట అన్నప్పుడు తన గొంతులో కోపం లేదు. విద్యార్థికి తప్పు చూపించినట్టు చెప్పింది. నాకు వారంలో ఒకరోజు ఆఫ్ ఉంటుంది. ఆ రోజు పొమ్మంది.

మద్దూరులో బస్సు దిగి ధూళిమిట్టకు ఆటో ఎక్కాను. కాగితం చొక్కా జేబులో ఉంది. ఆయన చేను ఎక్కడని అడిగితే ఒక ముసలామె, "చేతి ఏళ్లు లేని ఫౌజీనా?" అని అడిగి దారి చూపించింది.

ఆయన మక్కచేను చుట్టూ పాత చీరలు కడుతున్నాడు. అడవి పందులు రాకుండా మా దగ్గర అట్లా కడతారు. ఎర్రవి, పచ్చవి, పూలవి, చేను చుట్టూ చీరలు. ఒక చేత్తో చీర కొస కర్రకు చుట్టి, ముడి బిగించడానికి రెండో కొసను పళ్లతో లాగుతున్నాడు. నన్ను చూసి పళ్ల మధ్య కొస అట్లాగే ఉంచుకుని కొంతసేపు ఆగాడు. తర్వాత వదిలాడు.

"ఏం స్టోరు, ఎట్లొచ్చినవ్?"

యూనిట్‌లో నా పేరు అదే. ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నేళ్లయిందో.

"నీతోని ఒక మాట ఉండె భాయ్."

"గా కొస పట్టుకో. పట్టుకొని చెప్పు."

కొస పట్టుకుని చెప్పాను. పెట్టెల సంగతి, సంతకం, విచారణలో రిజిస్టరు చూపించడం, తర్వాత మూతలు పీకడం, ఎలుకలు, అన్నీ. ఎక్కడా ఆగలేదు. ఆయన ముడులు వేస్తూనే విన్నాడు. చెప్పడం అయిపోయాక ఇంకో కర్ర దగ్గరికి నడిచాడు. నేను కొస పట్టుకుని వెంట నడిచాను. ఆ పక్కంతా, చేను మూల దాకా, మేమిద్దరం చీరలు కట్టాం. ముడి బిగించడానికి నేను చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

మూల దగ్గర గట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"నేను గ్లౌజులు మంచుల పడేసుకొని తడిపిన్నేమో అనుకున్న," అన్నాడు. "పడేసుకున్నట్టు యాదికి లేదు. గని వాళ్లు అడుగంగ అడుగంగ, అయ్యుంటది అనిపించింది. గప్పటిసంది నా మీద నాకే నమ్మకం లేదు. మోటరు స్టార్టర్ బందు చేసి ఇంటికి పోతనా, మళ్ల సగం దారికెంచి వచ్చి చూస్త. బర్రె పలుపు రెండుసార్లు చూస్త. తలుపు గొళ్లెం మూడుసార్లు."

ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"విచారణ అయిన వారానికి."

"గప్పుడు చెప్తె ఏమైతుండె?"

"నా స్ట్రైప్ పోతుండె."

"నాది పోయింది గదా," అన్నాడు. వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. అప్పుడు కూర్చున్నాను. నన్ను కొడితే బాగుండుననిపించింది. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇంటికి నడువు. గిదే ముచ్చట మా ఇంటామెకు చెప్పాలె."

"ఆమెకెందుకు భాయ్?"

"నడువు."

ఇల్లు చేనుకు దగ్గరే. ఆమె వాకిట్లో పెసర్లు చెరుగుతోంది. ఆయన నన్ను చూపించి, "మా స్టోరు. నీకో ముచ్చట చెప్పనీకె వచ్చిండు," అన్నాడు. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. మధ్యలో ఒకసారి భర్త చేతి వైపు చూసింది.

ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా పాలు పొంగినా, గ్లాసు పగిలినా, బస్సు తప్పినా ఆమె అనే మాట ఒకటుందట. "చేతులకు తొడుక్కునేటివి తొడుక్కోరాక ఏళ్లు కోయించుకున్నోనివి, నీతోని ఏమైతది." ఇది ఆయన నాకు ఆమె ముందే చెప్పాడు. ఆమె కాదనలేదు.

"అన్నా," అంది నాతో, "మరి గిన్నేండ్లు నేను ఎవల్ని తిట్టిన్నట్టు?"

"నన్నే," అన్నాడు ఆయన.

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

"ఇగ నన్ను తిట్టు చెల్లె," అన్నాను నేను.

"నిన్ను తిట్టుడు నాకు అలవాటు లేదు," అని లేచి లోపలికి పోయింది. లోపల గిన్నెల చప్పుడు కొంచెం గట్టిగా వినబడింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. వచ్చినప్పుడు రెండు కంచాలు తెచ్చింది. ఆయన కంచంలో గుడ్డు ఉంది. నా కంచంలో లేదు. నేను అంతా తిన్నాను.

తిన్నాక కాగితం చదవమన్నాడు. ఇంగ్లీషుది నేను తెలుగులో చెప్పాను. ఒక సిపాయి అని ఉన్న చోట ఆపాడు.

"నా పేరు రాయలేదా?"

"లేదు. నీకు ఇబ్బంది అయితదని."

"నాకేం ఇబ్బంది? రాయి. అజాగ్రత్త అని కాయిదం మీద రాసిన్రు, గప్పుడు నా పేరు మంచిగనే రాసిన్రు."

రాశాను. అక్కడ రాశాను, ఇక్కడ రాయను. ఇక్కడ రాయమని ఆయన అడగలేదు.

ఇంకో వాక్యం కలపమన్నాడు. బయటి నుంచి ఎవరు వచ్చి చూసినా, ఆ గ్లౌజులు తొడుక్కునేవాడు కూడా పెట్టె దగ్గర ఉండాలి, తన చెయ్యి లోపల పెట్టి చూసుకున్నాకే సంతకం కావాలి. స్టోర్‌లో పదిహేడేళ్లు చేసిన నాకు ఆ మాట తట్టలేదు. కింద నేను సంతకం పెట్టాను. ఆయన ఎడమచేత్తో పెట్టాడు. చిన్నపిల్లల రాతలా ఉంది. ఆటో దాకా వచ్చాడు. "మాఫ్ చేసిన" అని అనలేదు. నేనూ అడగలేదు. "పందులు గీసారన్న ఆగుతయో లేదో," అన్నాడు. ఆటో కదిలింది.

కాగితం సాబ్‌కు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. "గిది పోతె నీ పింఛనుకు ఏమన్న అయితదేమో ఆలోచించినవా?" అన్నారు. ఆలోచించాను, నా భార్యతో కూడా మాట్లాడాను అన్నాను. పింఛను పోతే ఇద్దరం కష్టపడదాం అని మాత్రం ఆమె అంది. సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేను ముప్పై ఏండ్లు చేసిన. నేను తెరువని పెట్టెలు ఎన్నో నాకు యాదికి గూడ లేవు," అన్నారు.

సంఘం అభిప్రాయాలన్నీ కలిపి ఒకే కవర్లో స్పీడ్ పోస్టు చేశారు. సబ్బులు మొదటి పేజీ. దవాఖాన కార్డులు రెండోది. నాది మూడోది. దున్నేసిన పొలం దారి ఆఖరిది. సాబ్ మాట ఇస్తే తప్పరు.

కొన్నాళ్లకు మా బిడ్డకు ఒక మెయిల్ వచ్చింది. మీ సూచనలు అందాయి, ధన్యవాదాలు. రెండు వాక్యాలు. అది ఏ పేజీకి జవాబో తెలియదు. నా పింఛను ఎప్పటిలాగే వస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం నాకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం ధూళిమిట్ట నుంచి ఆయన, భార్యతో కలిసి, సిద్దిపేట వచ్చాడు. ఆమెకు కళ్లద్దాలు చేయించడానికి. ఆమె అద్దాల దుకాణంలో ఉంటే ఆయన ఒక్కడే బ్యాంకు దాకా నడిచి వచ్చి, నా కుర్చీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి పోయేవాళ్లను, వచ్చేవాళ్లను కొంతసేపు చూశాడు.

"దాని సంగతి ఏమైంది?"

"ఇంక కమిటీ దగ్గర్నే ఉన్నదట. మా బిడ్డ అప్పుడప్పుడు చూస్తది."

"మనం ఉండంగ అయితదా?"

"ఏమో భాయ్."

"అయితె మంచిగుంటుండె," అన్నాడు. ఇప్పుడు గ్లౌజులు తొడుక్కునే పిల్లలు ఉంటారు కదా అన్నాడు. ఉంటారన్నాను. పక్క హోటల్ నుంచి రెండు చాయలు తెప్పించాను. ఆయన గ్లాసును ఎడమచేత్తో పట్టుకున్నాడు. డ్యూటీలో చాయ తాగకూడదని మా మేనేజరు రూలు. ఆ రోజు మేనేజరు అద్దంలోంచి చూసి కూడా ఏమీ అనలేదు.

ఆయన చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆమె అద్దాలు అయి ఉంటాయని చెప్పి వెళ్లిపోయాడు.